మంటకు కిటికీ పెట్టించిన మనిషి

మొన్న పొద్దుగూకే వేళ ఓబులేసు ఫోన్ చేశాడు. బాగుండారా, పిల్లోళ్ళు బాగుండారా అనే పలకరింపులేవీ లేవు.

"సార్, ఫ్యాక్టరీలో మంట కనపడడం ల్యా. మేడంకు చేస్తే స్విచ్చాఫ్ అంటాది. నెంబరు మార్చిందేమో, మీ కాడ ఉందా?"

నేను ప్రొద్దుటూరులో మా మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తున్నాను. తీసిన చొక్కా చేతిలోనే ఉండిపోయింది. ఓబులేసుకు తెలియదు, తెలిసే వీలూ లేదు. ఉగాదికి ముందే గొర్రెల్ని తోలుకొని జమ్మలమడుగు అవతల నల్లరేగడి పొలాలకు పోయాడు. కోతలయిన పొలంలో రాత్రిళ్ళు మంద ఆపితే ఆ పెంట రైతుకు ఎరువు. బదులుగా రైతు గింజలో దుడ్లో ఇస్తాడు. ఈసారి ఆ పక్కనే ఎక్కువ కాలం ఉండిపోయి, ఇప్పుడే వేంపల్లె దగ్గరి తన ఊరు చేరాడు. ఈలోగా ఇక్కడ ఆమె చనిపోయింది.

"ఓబులేసూ, మేడం లేదప్పా. ఉగాదప్పుడు గుండె ఆగి చనిపోయింది" అన్నాను.

ఫోన్లో గొర్రెల్ని అదిలించడం వినిపించింది. తర్వాత మెల్లగా అడిగాడు.

"మరి ఇంగ మంట ఆరితే ఎవురికి చెప్పల్ల సార్?"

ఆ ప్రశ్న అర్థం కావాలంటే ఆమె గురించి చెప్పాలి. పేరు రాయను. రాస్తే ఊరుకునే మనిషి కాదు. ఒకసారి ఎవరో ఆమె ఫొటో పేపర్లో వేస్తే, "నా మొఖం దేనికప్పా, ఆ పొగ గొట్టం ఫొటో ఎయ్యమను" అని విసుక్కుంది. ఆమె కాలుష్యం ఆఫీసులో ఇంజనీరు. ఆ ఆఫీసుకు ఇంకా పొడుగు పేరేదో ఉందిగానీ మా వైపు జనం అంత పొడుగ్గా దేన్నీ పలకరు. ఆఫీసు కాలుష్యం ఆఫీసు, ఆమె పొగ మేడం. అంతే.

నేను అప్పట్లో ఓబులేసు వాళ్ళ ఊళ్ళో హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. పొద్దున్నే ప్రొద్దుటూరులో ఎక్కి వేంపల్లె మీదుగా పులివెందుల పోయే బస్సు నాది. తనిఖీలున్న రోజుల్లో ఆమెదీ అదే బస్సు. కిటికీ సీటు కోసం చిన్నపిల్లలా కొట్లాడేది. సీటు దొరికితే తల సగం బయటే. ఇటుక బట్టీ పొగ కనిపించినా, ఎవరో పొలంలో చెత్త కాలుస్తున్నా, అది ఏ రంగులో ఉంది, ఎటు వంగుతోంది అని చూస్తూ పోయేది. కండక్టరు కేకలేస్తే తల లోపలికి తీసుకొని, మలుపు తిరగ్గానే మళ్ళీ బయట పెట్టేది. డబ్బాలో బొరుగుల ఉగ్గాని తెచ్చుకొని నాకు సగం పెట్టేది. ఏ ఫ్యాక్టరీలోనూ గుక్కెడు టీ తాగదు కాబట్టి మధ్యాహ్నం దాకా అదే ఆధారం. అయినా సగం పెట్టేది.

ఇంటికి పిలిస్తే ఇంకో తంటా. చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి పోయేది. స్టవ్ వెలిగించి, వంగి మంట చూసేది. "అమ్మయ్యా, మంట ఎర్రగా ఉండాది. బర్నరు కడుక్కో. గ్యాసు ఖర్చు, గిన్నెలకు మసి, నీకు తలనొప్పి." మొదటిసారి మా ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. కాఫీకి పిలిస్తే తనిఖీ చేస్తుందా అని రెండు రోజులు నన్ను సాధించింది. మూడోరోజు బర్నరు కడిగింది. ఇప్పటికీ కడుగుతుంది. కడిగినప్పుడల్లా ఆమెను ఒక మాట అంటుంది, తిట్టో పొగడ్తో నాకింతవరకు తేలలేదు.

ఈ మంటల పిచ్చి ఆమెకు చదువు వల్ల వచ్చింది కాదు. తండ్రి కంసాలి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వెనక సందులో, ఒక చిన్న గదిలో, దీపం ముందు కూర్చొని ఊదుడుగొట్టంతో మంటను వంచి అతుకులు పెట్టే మనిషి. బడి నుంచి వచ్చి ఆయన పక్కన కూర్చునేదట. మంట నీలంగా ఉంటే ఒక పని, పసుపైతే ఇంకో పని. పొగ వస్తే ఆ నగ మళ్ళీ మొదటికి. "మా నాయన నన్ను అక్షరాలు చదవమని ఎప్పుడూ చెప్పలేదు, మంటను చదవమన్నాడు" అని నవ్వేది.

ఆమెకు ఊతపదం ఒకటుండేది. ఎవరైనా ఫలానాది ఏం కాదు, ఏం ప్రమాదం లేదు అన్నారనుకోండి, వెంటనే "ఆ మాట ఆడ నిలబడి చెప్పు" అనేది. దుమ్ము రావడం లేదంటే దుమ్ములో నిలబడి చెప్పాలి. నీళ్ళు మంచివే అంటే ఆ కాలవ గట్టు మీద నిలబడి చెప్పాలి. బస్సు చక్రం బాగానే ఉందన్న డ్రైవరుకు కూడా ఒకసారి ఇదే చెప్పింది. పాపం ఆయన దిగి చూశాడు. చూడ్డం మంచిదైంది.

ఇక ఓబులేసు ఊరి సంగతి. ఊరికి దక్షిణాన, ఎక్కువ కాలం ఎండి ఉండే వంక ఒడ్డున గ్యాస్ ఫ్యాక్టరీ వచ్చింది. పులివెందుల వైపు అరటి తోటలకు లెక్కలేదు కదా. గెల కోశాక మిగిలే బోదెలు, పేడ, కోళ్ళ ఫారాల పెంట పెద్ద తొట్లలో మురగబెట్టి గ్యాసు తీసి, శుభ్రం చేసి, సిలిండర్లకు ఎక్కించి లారీల్లో పంపుతారు. మంచి పనే. చిక్కల్లా లారీ రానప్పుడు, కంప్రెసర్ ఆగినప్పుడు. తొట్లో మురగడం ఆగదు, గ్యాసు పుడుతూనే ఉంటుంది. ఆ మిగులును పొడుగాటి గొట్టం కొసన కాల్చేయాలి. ఎప్పుడు మిగిలినా అంటుకునేలా గొట్టం మీద మంట ఎప్పుడూ మండుతుండేది.

"కాల్చి తగలెయ్యడానికి గవర్నమెంటు రూలా మేడం?" అని బస్సులో ఎగతాళి చేశాను.

ఆమెకు కోపం వచ్చింది. "మొదటి రూలు మిగలకుండా వాడుకోమని. దాన్ని ఎవురూ చదవరు. వాడుకోలేకపోతే దాచిపెట్టుకో. దాచుకునేకి కాకపోతే కాల్చు. ఊరికే గాలికి మాత్రం వదలొద్దు. కాలిన పొగ కంటే కాలని గ్యాసు శానా చెడ్డది సార్. ఈడ ముక్కుకు చెడ్డది, పైన ఆకాశానికి ఇంకా చెడ్డది. ఇంత రూలు చెప్పేకి మా వాళ్ళు ఇంతింత లావు కాగితాలు రాసినారు."

ఊరివాళ్ళకు మాత్రం ఆ మంట కంటగింపయింది. దక్షిణం దిక్కున, పగలూ రాత్రీ ఆరని మంట. ఒకసారి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు బస్సు దిగి, "ఊళ్ళో కాష్ఠం కాలుతాందా, ఎవురు పోయినారు?" అని అడిగి, ఇంట్లోకి రాకుండానే మళ్ళిపోయారు. ఆ ఏడు వాన వెనకబట్టింది. బుడ్డల చేలు, అదే వేరుశనగ, వాడుముఖం పట్టాయి. మబ్బు వచ్చినట్టే వచ్చి పక్కకు తప్పుకుంటోంది. మంటకు మబ్బు బెదురుతోంది అని ఎవరన్నారో తెలియదు గానీ, సాయంత్రానికల్లా ఊరంతా అదే మాట. ఊరి పెద్దాయన, ఫ్యాక్టరీకి భూమి కౌలుకిచ్చిన రెడ్డి, మనుషుల్ని వెంటేసుకొని పోయి మంట ఆర్పమన్నాడు. కాలుష్యం ఆఫీసుకు ఫిర్యాదు కూడా పెట్టారు.

మేనేజరు కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. ఇట్టే ఒప్పుకున్నాడు. గొట్టం మీద నిప్పు నిలబెట్టడం అతనికీ తలనొప్పే. మంట ఆర్పి, పక్కనున్న పొట్టి గొట్టం వాల్వు తిప్పి గ్యాసును గాలికి వదిలేశాడు. ఆ వారమే వాన కురిసింది.

ఇంక చెప్పేదేముంది. ఫ్యాక్టరీ గేటు ముందు కొబ్బరికాయలు కొట్టారు. మేనేజరుకు శాలువా కప్పారు. చేలు నిలబడ్డాయి.

ఫిర్యాదు మీద విచారణకు ఆమె వచ్చింది. మా స్కూలు వరండాలోనే కూర్చున్నారు. ఊరంతా సంతోషంగా ఉంది. సంతోషంగా ఉన్నామని చెప్పించుకొని పోతే ఆమె పని అయిపోతుంది.

"మంట ఆరింది. అందరికీ బాగుందా?" అంది.

"శానా బాగుంది మేడం."

"గ్యాసు రావడం ఆగిందా?"

మేనేజరు లేచి చేతులు కట్టుకున్నాడు. "గ్యాస్ వస్తూనే ఉంటుందండి. మిగిలింది గాల్లో కలిసిపోతుంది. ప్రజల కోరిక మేరకే మంట ఆపాం. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు."

"వాసన?"

"మొదట్లో కోడిగుడ్డు మురిగినట్టు వచ్చేది మేడం" అన్నాడు పెద్దాయన. "ఇప్పుడేం రావడంల్యా. అలవాటయింది."

ఆమె ముఖం మారింది. వరండా మెట్ల కింద కర్ర పట్టుకొని నిలబడిన ఓబులేసు అప్పుడు నోరు తెరిచాడు. "మా కుక్క వంకలోకి దిగడంల్యా మేడం."

అందరూ నవ్వారు. విచారణలో కుక్క సాక్ష్యం ఏందప్పా అని ఎవరో అన్నారు. ఆమె నవ్వలేదు. "నువ్వు దిగుతాండావా?" అనడిగింది.

"దిగకుంటే ఎట్ల? చలికాలం గదా, వంకలో గాలి తగలదని మంద ఆడనే ఆపుతా. నేనూ, నా పెండ్లామూ ఆడనే పండుకుంటాం. పొద్దున్నే తల దిమ్ముగా ఉంటాది. ఈనిన గొర్రెలు రెండు పాలివ్వడంల్యా."

ఆమె లేచింది. "నడవండి. అందరూ రాండి."

వంక దగ్గరికి పోయేసరికి పొద్దు వాలుతోంది. గాలి లేదు. ఆమె మెళ్ళో ఎప్పుడూ ఒక చిన్న డబ్బా వేలాడుతుండేది, గ్యాసు తగిలితే కూత పెడుతుంది. దాన్ని తీసి ఓబులేసు కర్రకు కట్టి, గట్టు మీద నుంచి కిందికి దించింది. గొర్రెలు పండుకునే ఎత్తుకు వచ్చేసరికి డబ్బా అరవడం మొదలుపెట్టింది. ఆగలేదు. ఓబులేసు పెండ్లాం ఒక అడుగు వెనక్కి వేసింది.

"మురుగు వాసన గ్యాసు గాలి కంటే బరువు, పల్లానికి దిగుతాది. ముక్కుకు తెలీకపోతే ల్యా అని కాదు" అంది ఆమె, అందరి వైపూ తిరిగి. "అది ముక్కునే చంపుతాది. ఆ తర్వాత మనిషిని." మేనేజరు వైపు చూసింది. "నాయనా, ఎవురికీ ఏ ఇబ్బందీ లేదన్నావే, ఆ మాట కింద నిలబడి చెప్పు."

మేనేజరు కదల్లేదు. పెద్దాయన జేబులోంచి బీడీ తీసి నోట్లో పెట్టుకొని అగ్గిపెట్టె పైకెత్తాడు.

ఆమె చెయ్యి ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. చప్పుడు మాత్రం విన్నాను. అగ్గిపెట్టె రాళ్ళలో పడింది. పుల్లలు చెదిరిపోయాయి. మా వైపు ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఊరి పెద్దాయన చేతి మీద, ఊరివాళ్ళ ముందు, గొర్రెలవాళ్ళ ముందు, ఒక ఆడమనిషి కొట్టింది. ఆయన ఒక్క ఫోన్ కొడితే ఆమె బదిలీ కాగితం మర్నాటికి తయారు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు వంకలో గ్యాసు భయం పోయి ఈ భయం పట్టుకుంది.

ఆమె వంగి అగ్గిపెట్టె తీసి, దుమ్ము దులిపి, ఆయన చేతిలోనే పెట్టింది. "అంటుకుంటుందో లేదో నాకు గూడా తెలీదు పెద్దాయనా. తెలీనప్పుడు గీయగూడదు."

ఆయన అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు. "మరి వాన?" అన్నాడు. గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగాడు.

"వాన ప్రొద్దుటూర్లో గూడా పడింది గదా. ఆడ ఏ మంట ఆర్పినారు?"

వెనకాల ఆడవాళ్ళెవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన మీసం కూడా కొంచెం కదిలింది.

కానీ పెళ్ళిచూపుల మాటను ఆమె నవ్వులాటగా తీసుకోలేదు. ఆడపిల్లల ఇంటి ముందు కాష్ఠంలా మంట కనపడితే ఎవరికైనా బాధే అంది. మంట చుట్టూ ఎత్తుగా ఇనుప రేకు గూడు కట్టించమని మేనేజరుకు చెప్పింది. అలాంటి గూళ్ళు వేరే చోట్ల ఉన్నాయట. ఊరివైపుకు ఏమీ కనపడకూడదు. ఒక్క వంకవైపు మాత్రం మందపాటి అద్దంతో కిటికీ పెట్టాలి.

"కిటికీ దేనికండి?" అన్నాడు మేనేజరు.

"ఓబులేసు చూడొద్దా?"

అదీ ఆమె తీరు. ఆఫీసుకు మీటర్లున్నాయి, ఫ్యాక్టరీకి కంప్యూటర్లున్నాయి. కిటికీ మాత్రం ఆ పక్కన పండుకునేవాడికి పెట్టించింది. ఓబులేసు ఫోన్ తీసుకొని తన నెంబరు తనే ఎక్కించింది. "మంద ఆపే ముందు కిటికీ చూడు. మంట లేకపోతే వంకలోకి దిగొద్దు, నాకు ఫోన్ చెయ్. మళ్ళీ వెలిగినాక గూడా చెప్పల్ల. సగం చెప్పి ఊరుకుంటే నాకు నిద్ర రాదు."

మధ్యలో ఎన్నిసార్లు ఆరిందో, ఎన్నిసార్లు వెలిగిందో నాకు తెలియదు. బస్సులో పక్కన కూర్చున్నప్పుడు ఆమె ఫోన్ మోగేది. "వెలిగిందా? ఏం రంగు? పొగ ల్యాకుండానా? సరే" అని పెట్టేసేది. అటువైపు ఎవరో అడగకుండానే నాకు తెలిసేది. అప్పుడు కళ్ళు మూసుకొని ఎర్రగుంట్ల దాకా హాయిగా కునుకు తీసేది.

మొన్న ఫోన్లో ఓబులేసుతో మందను వంకలో ఆపొద్దని, పెద్దాయనకు చెప్పమని, పొద్దున్నే వస్తానని మాత్రం అన్నాను. కాలుష్యం ఆఫీసుకు ఫోన్ చేశాను. ఆమె స్థానంలో కొత్తగా వచ్చిన అబ్బాయి ఓపికగానే విన్నాడు. రేపు బయల్దేరతానన్నాడు.

మర్నాడు వేంపల్లెలో దిగి షేరాటోలో పోయేసరికి ఫ్యాక్టరీ గేటు ముందు జనం కూర్చొని ఉన్నారు. ఒకప్పుడు మంట ఆర్పినందుకు కొబ్బరికాయలు కొట్టినవాళ్ళే. ఓబులేసు పెండ్లాం ముందు వరసలో ఉంది. పెద్దాయన కుర్చీ తెప్పించుకొని గేటుకు అడ్డంగా వేసుకున్నాడు. నోట్లో బీడీ లేదు, చెవి మీద దోపుకొని ఉంది.

మేనేజరు బయటికొచ్చి బతిమాలుతున్నాడు. నిప్పంటించే పరికరం పాడైందట, కొత్తది రావడానికి రెండు రోజులు పడుతుందట. "గ్యాస్ ఇప్పుడు చాలా తక్కువండి. కంగారు పడాల్సిందేం లేదు."

"తక్కువేనా?" అన్నాడు పెద్దాయన, కుర్చీలోంచి కదలకుండా. "ఆ మాట వంకలో నిలబడి చెప్పు నాయనా."

నాకు కళ్ళు చెమర్చాయి. దాచుకోవాల్సిన పనేం లేదు. చనిపోయిన మనిషి గొంతు ఆయన మీసాల కింద నుంచి వస్తుంటే ఎవరికైనా అంతే.

కొత్త ఇంజనీరు అబ్బాయి కూడా వచ్చాడు. వాళ్ళతో పాటు ఎండలో నిలబడ్డాడు. రెండు రోజులు పట్టే పరికరం మధ్యాహ్నానికే కడప నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చింది. మేమంతా వంక గట్టు మీదికి పోయాం. కాసేపటికి గూటి కిటికీలో వెలుగు కదిలింది. ఓబులేసు కుక్క గట్టు మీద ఒకసారి అటూ ఇటూ తిరిగింది. కొత్త అబ్బాయి తన డబ్బా దించి, కింద దాకా పోయినా కూత పెట్టలేదని తేల్చాక, కుక్కే ముందు వంకలోకి దిగింది.

ఓబులేసు అలవాటు చొప్పున జేబులోంచి ఫోన్ తీశాడు. పేరు దాకా పోయి వేలు ఆగింది. నా వైపు చూశాడు.

"వెలిగిందని గూడా చెప్పమనింది గదా సార్."

"నేను చెప్తాలే" అన్నాను. ఎవరికి చెబుతానో నాకే తెలియకుండా అన్నాను.

ప్రొద్దుటూరులో బస్సు దిగి ఇంటివైపు పోవాల్సినవాణ్ణి, బంగారు అంగళ్ళ వెనక సందులోకి తిరిగాను. ముసలాయన దీపం ముందే ఉన్నాడు. చూపు తగ్గింది, పనీ తగ్గింది. అయినా రోజూ వచ్చి కూర్చుంటాడని విన్నాను. ఊదుడుగొట్టం పక్కన పెట్టి, ఎవరని అడిగాడు. మీ అమ్మాయికి బస్సు స్నేహితుణ్ణన్నాను. ఫలానా ఊళ్ళో ఫ్యాక్టరీ మంట ఆరిపోయింది, ఊరంతా కూర్చొని మళ్ళీ వెలిగించుకున్నారు, ఆ మాట చెప్పిపోదామని వచ్చానన్నాను. చెబుతుంటే నాకే వెర్రిగా అనిపించింది.

ఆయన వెర్రి అనుకోలేదు. ముందుకు వంగాడు.

"ఏం రంగులో మండుతాంది?"

"అడుగున నీలం. పైన కొంచెం పసుపు."

"పొగ?"

"ల్యా."

ఆయన తల ఊపాడు. దీపం వత్తి కొంచెం పైకి తీశాడు.

"అట్లయితే మా పాప నిద్రపోతాదిలే" అని, ఊదుడుగొట్టం తీసి మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.